శిశుమనఃపరిశోధనలో ప్రశ్నభాష

శిశువు ఆలోచన ఏ క్రమమున పరిణతి చెందును? గడచిన సంగతిని ఏ వయస్సునుండి నిలుపుకొని చెప్పగలుగును? తన మనస్సున లేని అభిప్రాయము ఇతరుల మనస్సున ఉండవచ్చునని ఎప్పుడు గ్రహించును? ఈ మూడును మనస్తత్త్వశాస్త్రమునకు చెందిన ప్రశ్నలు. వీనిని తెలుగు శాఖవారి పరిశోధన పత్రికలో విచారించుట ఏల యని కొందరు సందేహింపవచ్చును. సమాధానము సులభము. వర్తకునకు త్రాసు ఎట్టిదో శిశుమనస్సును పరిశీలించువానికి ప్రశ్న అట్టిది. ఆ ప్రశ్న మాటలతో కట్టబడినది. త్రాసును పరీక్షింపక తూకమును నమ్మరాదు. మాటలను తూచి చూచుట భాషాసాహిత్యములను అభ్యసించినవారి పని.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయ మొక్కటియే. శిశువునకు ఫలానిది తెలియదని పరిశోధకులు నిర్ణయించిన పెక్కుచోట్ల, తెలియనిది విషయము కాదు, అడిగినవాని తాత్పర్యము. కావున పరభాషలో పుట్టిన ప్రశ్నలను తెనిగించి మన పిల్లలపై ప్రయోగించుట చాలదు. తెలుగు నుడికారమునుండియే ప్రశ్నలను కట్టవలెను. అట్లని మనోవికాసమంతయు మాటల మాయ యనుట నా యభిప్రాయము కాదు. ఈ వాదమునకు గల హద్దును గూడ తుదిని చూపెదను. శిశువులతో మాటాడునది వ్యావహారికమే గనుక ఉదాహరణవాక్యములను వ్యావహారికముననే యిచ్చుచున్నాను.

1. ఆలోచన: ‘ఒకటే’ అను మాట

ఈ శాస్త్రమునకు ఆధునికకాలమున రూపు దిద్దినవారిలో ప్రథమగణ్యుడు స్విట్జర్లాండు దేశీయుడైన జాఁ పియాజే (1896–1980). ఆయన యౌవనమున ప్యారిస్ నగరములో, సిరిల్ బర్ట్ ఇంగ్లీషున కూర్చిన తర్కపరీక్షలను ఫ్రెంచి బాలురకు తగినట్లు ప్రమాణీకరించు పనిలో నియుక్తుడయ్యెను. సరియైన సమాధానముల లెక్కకన్న తప్పు సమాధానములలోని క్రమమే ఆయనను ఆకర్షించినది. బాలుని తప్పు కేవలము అజ్ఞానము కాదనియు, అది వేరొక విధమైన ఆలోచన యనియు గుర్తించుట ఆయన ప్రతిభ. ఒకే ప్రశ్నను యాంత్రికముగా అప్పగింపక, సమాధానమును పట్టి మరల ప్రశ్నించు పద్ధతిని ఆయన అవలంబించెను. ఐనను తప్పునకు మూలము బాలుని తర్కమా, ప్రశ్నలోని మాటయా అను విచారము సంపూర్ణముగా తీరలేదు. ఆయన సమవయస్కుడైన రష్యను పండితుడు వైగోట్‌స్కీ (1896–1934) తన తుది గ్రంథమున, పియాజే 1923లో ప్రకటించిన శిశుభాషాసిద్ధాంతమును విమర్శించుచు, భాష ఆలోచనకు వెలుపలి తొడుగు కాదనియు, బయట ఇతరులతో ఆడిన మాటయే క్రమముగా లోపలి మాటయై ఆలోచనను నడపుననియు వాదించెను.

పియాజే, షెమిన్‌స్కాలు 1941లో ప్రకటించిన సంఖ్యావిషయక గ్రంథములోని ప్రయోగము సుప్రసిద్ధము. రెండు వరుసలలో సమసంఖ్యగా బిళ్ళలు పేర్చి, రెండును సమానమేనా యని అడుగుదురు. శిశువు ఔననును. అటుపిమ్మట పరీక్షకుడు శిశువు చూచుచుండగనే ఒక వరుసను ఎడముగా జరిపి, అదే ప్రశ్నను మరల వేయును. నాలుగైదేండ్ల పిల్లలలో పలువురు పొడవైన వరుసలో ఎక్కువ యున్నవందురు. స్థానము మారినను సంఖ్య మారదను జ్ఞానము వారికింకను కలుగలేదని సిద్ధాంతము.

ఎడింబరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్, ఆమె సహచరుడు మెక్‌గారిగిల్ కలసి 1974లో ఈ ప్రయోగమున ఒక చిన్న మార్పు చేసిరి. వరుసను జరిపినది పరీక్షకుడు కాదు. పెట్టెలోనుండి వెలువడిన ఒక ‘అల్లరి’ ఎలుగుబంటి బొమ్మ ఆటను పాడుచేయుచు బిళ్ళలను చెదరగొట్టును. ప్రశ్న అదియే, బిళ్ళలు అవియే. నాలుగు మొదలు ఆరేండ్ల వరకు గల 80 మంది పిల్లలలో, పెద్దలు బుద్ధిపూర్వకముగా జరిపినప్పుడు 13 మంది మాత్రమే సరిగా చెప్పగా, బొమ్మ చెదరగొట్టినప్పుడు 50 మంది సరిగా చెప్పిరి. అదే కాలమున రోజ్, బ్లాంక్ అను పరిశోధకురాండ్రు మొదటి ప్రశ్నను విడిచి, జరిపిన తరువాత ఒక్కమారే అడిగినచో తప్పులు తగ్గునని చూపిరి.

దీని భావమేమి? పెద్దవాడు ఒకసారి అడిగి, కన్నులయెదుట ఒక పని చేసి, మరల అదే అడిగినచో, ఆ పనిని గూర్చియే అడుగుచున్నాడని శిశువు తలచుట సహజము. మన తరగతిగదులలో ‘మళ్ళీ చెప్పు’ అను మాటకు ‘తప్పు చెప్పావు’ అనియే అర్థము. సరిగా చెప్పిన పిల్లవాడు సైతము ఆ మాట విని సమాధానము మార్చుట ఉపాధ్యాయులందరు ఎరిగినదే. శిశువు ప్రశ్నలోని పదములను మాత్రము విని ఊరకుండడు. ప్రశ్నించువాని వివక్షను వెదకును. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, వాచ్యార్థమును విడిచి ప్రకరణబలమున తాత్పర్యమును గ్రహించును. ఇది బుద్ధిమాంద్యము కాదు, ప్రతిభ.

ఇక తెలుగును చూతము. ‘రెండూ ఒకటేనా?’ అని అడుగుట మన వాడుకకు మిక్కిలి దగ్గర. కాని ‘ఒకటే’ అను మాటకు ఎన్ని అర్థములు! ‘మా ఇద్దరి ఊరూ ఒకటే’ అన్నప్పుడు అభేదము. ‘కవలల ముఖాలు ఒకటే’ అన్నప్పుడు సాదృశ్యము. ‘ఇద్దరి జీతం ఒకటే’ అన్నప్పుడు పరిమాణసామ్యము. ‘ఒకటే వాన’ అన్నప్పుడు ఎడతెగమి. ఎడముగా జరిపిన వరుసను చూచి శిశువు ‘ఒకటి కాదు’ అన్నచో, రెండవ అర్థమున ఆ మాట సత్యము. సంఖ్యాజ్ఞానము లేదని వానిపై నేరము మోపరాదు. ‘సమానం’ అన్న మాట పాఠశాలది. బడికి పోని శిశువునకు అది పరిచితము కాదు.

ఐతే తెలుగులోనే దీనికి విరుగుడు కూడ కలదు. ఇంగ్లీషులోని ‘మోర్’, ఫ్రెంచిలోని ‘ప్లూ’ సంఖ్యకును కొలతకును సమముగా వర్తించును. మన ‘ఎక్కువ’యు నట్టిదే. కాని ‘ఎన్ని–అన్ని’, ‘ఎంత–అంత’ అను జంటలు సంఖ్యను కొలతనుండి విడదీయును. ‘ఇక్కడ ఎన్ని ఉన్నాయో అక్కడా అన్నే ఉన్నాయా?’ అని అడిగినచో పొడవు ప్రశ్నలోనికి చొరబడదు. ‘ఎక్కడ ఎక్కువ?’ అని తెనిగించినవాడు, తన భాషలో నున్న సన్ననిత్రాసును విడిచి పరాయి ముతకత్రాసును తెచ్చుకొన్నవాడగును.

మరొక ఉదాహరణము. మూడు నల్లయావులు, ఒక తెల్లయావు బొమ్మలను ప్రక్కకు పరుండబెట్టి, అవి నిద్రించుచున్నవని చెప్పి, నల్లయావులు ఎక్కువా, ఆవులు ఎక్కువా అని మెక్‌గారిగిల్ అడిగెను. సుమారు ఆరేండ్ల పిల్లలలో 25 శాతము సరిగా చెప్పిరి. ‘నిద్రపోతున్న ఆవులు ఎక్కువా?’ అని ఒక్క విశేషణము చేర్చగా అది 48 శాతమైనది. మొదటి ప్రశ్నను తెలుగున అడిగినచో పెద్దలు సైతము తడబడుదురు. నల్లవానిని, తక్కిన వానిని పోల్చుమన్నారని తలచుదురు. ‘ఆవులన్నీ కలిపి’ అని చెప్పనిదే తెలుగున ఆ ప్రశ్న ప్రశ్న కాదు.

2. జ్ఞాపకము: ‘కదా’, ‘అట’

జ్ఞాపకపరిశోధనలో భాషాప్రభావము రెండు విధములుగా కానవచ్చును: అనుభవకాలమున శిశువునకు గల మాటలు, స్మరణకాలమున పెద్దలు అడుగు మాటలు.

మొదటిదానికి న్యూజీలాండున సిమ్‌కాక్, హేన్ అనువారు 2002లో ప్రకటించిన ప్రయోగము నిదర్శనము. రెండేండ్ల మూడు నెలలు మొదలు మూడేండ్ల మూడు నెలల వరకు గల పిల్లలకు ఒక యంత్రమును చూపిరి. అందు పెద్ద బొమ్మను వేసి పిడి త్రిప్పినచో చిన్న బొమ్మ వెలువడును. ఆరునెలలకు, లేక ఏడాదికి వారిని మరల అడిగిరి. పిల్లలు చిత్రములను గుర్తుపట్టిరి. యంత్రమును నడిపిన తీరును చేసి చూపిరి. కాని మాటలలో చెప్పునప్పుడు, ఆ సంఘటన జరిగిననాటికి తమకు రాని మాటను ఒక్కదానినైనను వాడలేదు. ఆ మాట నేడు వారికి వచ్చును. ఆ జ్ఞాపకము నేడును వారియందు కలదు. కాని రెండును కలియలేదు. 2007లో వెలువడిన మరొక పరిశోధన, తగిన సాయము చేసినచో కొందరు పిల్లలు క్రొత్తమాటను పాతజ్ఞాపకమునకు తొడుగగలరని చూపి, ఈ నిర్ణయమును కొంత సడలించినది. ఐనను ‘చెప్పలేదు’ అనుటకును ‘జ్ఞప్తి లేదు’ అనుటకును గల భేదము స్థిరపడినది. ఈ భేదమును మరచి మౌఖికపరీక్షలలో మార్కులు వేయు ఆచారము మన పాఠశాలలలో తక్కువేమి కాదు.

తల్లి మాటల వలన ఈ లోటు పూడునని కాథరిన్ నెల్సన్, రాబిన్ ఫైవుష్, ఎలెయిన్ రీస్ మున్నగువారి కృషి తెలుపుచున్నది. గడచిన సంగతిని గూర్చి తల్లి బిడ్డతో విపులముగా ముచ్చటించుచు, బిడ్డ అన్నదానికి మరికొంత చేర్చుచు, తిరిగి అడుగుచు పోయినచో, ఆ బిడ్డ తరువాతి యేండ్లలో తన గతమును మరింత నిండుగా చెప్పగలుగును. ‘ఎక్కడికి వెళ్ళాం? చెప్పు, చెప్పు’ అని పరీక్షించినచో ఫలితము తక్కువ. జాతరకు పోయివచ్చిన రాత్రి బిడ్డను ప్రక్కన పరుండబెట్టుకొని, ఆనాటి వింతలను అవ్వ ఒక్కొక్కటిగా మరల చెప్పించుట వట్టి కాలక్షేపము కాదన్నమాట.

రెండవదానికి 1995లో లైక్ట్‌మన్, సీసీ అను అమెరికను పరిశోధకులు ప్రకటించిన ప్రయోగము ప్రసిద్ధము. సామ్ స్టోన్ అను వ్యక్తి ఒక శిశుపాఠశాలకు వచ్చి, కొలది నిమిషములుండి, ఏ హానియు చేయక వెడలిపోయెను. అతడు మొరటువాడని కొందరు పిల్లలకు ముందుగానే కథలు చెప్పి, తరువాత పలుమార్లు, అతడు పుస్తకమును చింపినట్లును, బొమ్మను పాడుచేసినట్లును స్ఫురించు ప్రశ్నలు వేసిరి. తుది విచారణలో మూడు నాలుగేండ్ల పిల్లలు పెక్కుమంది, జరుగని దానిని జరిగినట్లు చెప్పిరి. అట్టి సూచనలు చేయని పిల్లల గుంపులో తప్పులు అత్యల్పము. కావున శిశువు జ్ఞాపకము స్వతః దుర్బలమని కాదు. దానిని దుర్బలము చేయు ప్రశ్న కలదని గ్రహింపవలెను.

తెలుగున ఇట్టి ప్రశ్నలు ఎంత సులభముగా పుట్టునో గమనింపుడు. ‘ఏం జరిగింది?’ అనునది నిర్మలమైన ప్రశ్న. ‘పుస్తకం ఎవరు చింపారు?’ అన్నచో చినుగుట సిద్ధమైనట్లే. ‘ఆయన చింపిన పుస్తకం ఏది?’ అన్నచో ధాతుజవిశేషణము నేరమును ముందే స్థాపించినది. ‘ఆయనే కదా చింపింది?’ అన్నప్పుడు ఏకారము వ్యక్తిని, ‘కదా’ సమ్మతిని బలవంతముగా తెచ్చుచున్నవి. విచారణ చేయు అధికారులకును ఉపాధ్యాయులకును ఈ నాలుగు వాక్యముల తారతమ్యమును బోధించుట తెలుగు వ్యాకరణమునకు తగిన లోకోపకారము.

మన భాషలో ‘అట’ అను మరొక సాధనము కలదు. ‘చింపాడు’ అన్నవాడు బాధ్యత వహించును. ‘చింపాడట’ అన్నవాడు విన్నదానిని చెప్పును. శిశువు తాను చూచినదానిని, విన్నదానిని వేరుపరచుకొనెనా యని తెలిసికొనుటకు ఇది మంచి జాడ. కాని, ‘అట’ కలదు గనుక తెలుగు పిల్లలకు ఈ వివేకము ముందుగా కలుగునని ఎగిరి నిశ్చయింపరాదు. కొరియను భాషలోను ఇట్టి ప్రత్యయములు కలవు. వానిని వాడ నేర్చిన కొరియను పిల్లలు, జ్ఞానమూలమును వివరించుటలో ఇంగ్లీషు పిల్లలకన్న ముందుండలేదని 2007లో పపఫ్రాగూ మున్నగువారు చూపిరి. ప్రత్యయమును పలుకుట వేరు. అది సూచించు వివేకమును వలసినచోట ప్రయోగించుట వేరు.

3. పరహృదయజ్ఞానము: ‘అనుకొను’

రజ్జుసర్పభ్రాంతి మన శాస్త్రములలో సుపరిచితమైన దృష్టాంతము. త్రాటిని పామని భ్రమించినవాడు పరుగెత్తును. అది త్రాడని ఎరిగిన మరొకడు, వాని పరుగునకు కారణము పాము కాదనియు, పామను తలపనియు గ్రహించును. ఈ రెండవవాని జ్ఞానము శిశువునకు ఎప్పుడు కలుగునన్నదే ఇచ్చటి ప్రశ్న.

1983లో విమ్మర్, పెర్నర్ అను ఆస్ట్రియను పండితులు మాక్సి అను బాలుని కథతో దీనిని పరీక్షించిరి. మాక్సి చాక్లెట్టును ఒక అలమారలో దాచి బయటికి పోవును. అతడు లేనప్పుడు తల్లి దానిని వేరొక అలమారలోనికి మార్చును. తిరిగివచ్చిన మాక్సి ఎక్కడ వెదకును? మూడు నాలుగేండ్లవారిలో ఒక్కరును సరిగా చెప్పలేదు. నాలుగు నుండి ఆరేండ్లవారిలో 57 శాతము, ఆరు నుండి తొమ్మిదేండ్లవారిలో 86 శాతము చెప్పిరి. 1991లో సీగల్, బీటీలు ఇట్టి కథలోనే ‘మొట్టమొదట ఎక్కడ వెదకును?’ అని ఒక్క మాట చేర్చగా, మూడేండ్ల పిల్లలు సైతము చాలవరకు మెరుగుగా చెప్పిరి. ‘ఎక్కడ వెదకును’ అన్న ప్రశ్నను, ‘ఎక్కడ వెదకినచో దొరకును’ అని పిల్లలు సాయబుద్ధితో గ్రహించియుందురన్నమాట.

తెలుగున ఈ ప్రమాదము ఇంకను హెచ్చు. ఇంగ్లీషు ప్రశ్నలోని క్రియను ‘ఎక్కడ చూస్తాడు?’ అని మార్చినవారు, చూచుటకును వెదకుటకును గల భేదమును పోగొట్టుకొందురు. చాక్లెట్టును మాక్సి తుదకు ‘చూచునది’ అది యున్నచోటనే గదా! ‘ఎక్కడ వెతకాలి?’ అన్నచో విధ్యర్థము వచ్చి, ఉన్నచోటును చూపుటయే సరియైన సమాధానమగును. ‘మొదట ఎక్కడికి వెళ్ళి వెతుకుతాడు?’ అన్నదే ఉద్దిష్టమైన ప్రశ్న. మూడు తెలుగువాక్యములు, మూడు వేర్వేరు పరీక్షలు. ఏ వాక్యమును వాడిరో ప్రకటింపని పరిశోధనలోని శాతములను ఎట్లు పోల్చగలము?

భ్రాంతిని తెలుపు క్రియను గూర్చియు ఇట్లే విచారింపవలెను. చీనా, తుర్కీ భాషలలో ‘తప్పుగా తలచుట’ను తెలుపు ప్రత్యేకక్రియలు కలవు. ఆ క్రియతో అడిగినప్పుడు పిల్లలు మెరుగుగా చెప్పుదురని చీనా భాషలో లీ, ఆల్సన్, టారెన్స్ 1999లో చూపిరి. 2003లో షాట్జ్ మున్నగువారు తుర్కీ, స్పానిషు పిల్లలను ఇంగ్లీషు, పోర్చుగీసు పిల్లలతో పోల్చి, ఆ మేలు ఆ క్రియ వచ్చిన ప్రశ్నకే పరిమితమని, వెదకుటను గూర్చిన ప్రశ్నకు వ్యాపింపలేదని నిర్ణయించిరి.

మన ‘అనుకొను’ ఈ విచారమునకు విశిష్టమైన సామగ్రి. ‘అను’ ధాతువుపై ‘కొను’ చేరగా, తనలో తాను అనుట తలపైనది. లోపలి మాటయే ఆలోచన యన్న వైగోట్‌స్కీ వాదము తెలుగు క్రియలో ముందే యిమిడియున్నట్లు తోచును. కాని వ్యుత్పత్తి పండితునకు తెలియును గాని శిశువునకు తెలియదు; దీనిని అలంకారముగా గ్రహింపవలెనే కాని ప్రమాణముగా కాదు. ప్రయోగమున గమనింపవలసినది వేరొకటి. ‘పెట్టెలో ఉందనుకుంటున్నాడు’ అన్నచో తలపు నిజమో కాదో తేలదు; ‘పెట్టెలో ఉందనుకున్నాడు’ అన్నచో అది తప్పైనదని తరచు స్ఫురించును. కాలభేదముననే భ్రాంతి సూచితమగుచున్నది. అంతేకాదు, ‘రేపు ఏం చేద్దామనుకున్నారు?’ అన్నప్పుడు సంకల్పము, ‘వాళ్ళిద్దరూ ఏదో అనుకున్నారు’ అన్నప్పుడు పరస్పర సంభాషణము లేక కలహము. ఇన్ని అర్థముల క్రియను ఒక్క ఇంగ్లీషు ‘థింక్’ స్థానమున నిలిపి ఫలితములను సరిచూచుట తగదు.

‘అని’ ప్రయోగము ఇంతకన్న రమ్యము. ‘తను గెలుస్తానని రాము అనుకున్నాడు’ అను వాక్యమున కర్త ప్రథమపురుషము. ఐనను ‘గెలుస్తాను’ అను క్రియ ఉత్తమపురుషమున నిలిచినది. రాము తలపు రాము దృష్టినుండియే వాక్యమున నిలిచియున్నది. ఇతరుని కన్నులతో చూచుటను తెలుగు శిశువు క్రియాంతముననే వినుచున్నాడు. ఇట్టి వాక్యములను శిశువు ఏ వయస్సున అర్థము చేసికొనును, ఏ వయస్సున స్వయముగా పలుకును, ఆ వయస్సునకును మాక్సి కథలోని ఫలితమునకును పొందిక యున్నదా అనునవి తెలుగు పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన చక్కని అంశములు.

4. పూర్వపక్షము

ఇంతవరకు చెప్పినదానిపై ఒక ఆక్షేపము రావచ్చును. ప్రశ్నను మార్చినచో సమాధానము మారునన్నచో, వికాసమనునదే లేదా? ప్రశ్నలోని నేర్పే శిశువులోని జ్ఞానమగునా?

ఆక్షేపము బలమైనది. ఎలుగుబంటి ప్రయోగమునే తీసికొందము. 1986లో మూర్, ఫ్రై అనువారు ఆ బొమ్మచేత నిజముగా బిళ్ళలను తీయించియు చేర్చియు చూచిరి. అప్పుడు బొమ్మ అల్లరి పిల్లలకు సాయపడలేదు. బొమ్మ వంకనే చూచుచు వరుసను గమనింపనివారు ‘మారలేదు’ అని చెప్పిన సందర్భములుండవచ్చునని దీనివలన తోచుచున్నది. మాక్సి కథను పోలిన 178 పరిశోధనలను వెల్మన్, క్రాస్, వాట్సన్ 2001లో సమీక్షించిరి. ప్రశ్నను తేట చేసినచో అన్ని వయస్సులవారును మెరుగుపడుదురు గాని, చిన్నవారికిని పెద్దవారికిని గల అంతరము తొలగదని వారు తేల్చిరి. భారతదేశముతో గూడ ఐదు దేశములలో 2005లో కాలహన్ మున్నగువారు జరిపిన పరిశోధనలోను, మూడు ఐదేండ్ల నడుమ ఈ మార్పు కానవచ్చినది. మరియొకవంక, మాటలు లేకయే చూపును కొలిచి, పదునైదు నెలల శిశువునకే ఈ జ్ఞానము కలదని 2005లో ఓనిషి, బెయార్జాన్ ప్రకటించిరి. కాని అట్టి చూపు పరీక్షల ఫలితములు తరువాతి పునఃప్రయోగములలో పలుచోట్ల నిలువలేదు.

కావున ప్రశ్న జ్ఞానమును సృష్టింపదు. ఉన్నదానిని కప్పవచ్చును, విప్పవచ్చును. అయితే భాష కేవలము కొలతబద్దయే కాదు, పెంచు ఎరువును అగును. నికరాగ్వా దేశమున చెవిటిపిల్లల నడుమ 1970ల తరువాత ఒక క్రొత్త సంజ్ఞాభాష పుట్టినది. ఆ భాషను మొదట వాడిన తరమువారు పెద్దవారయ్యును భ్రాంతిపరీక్షలో వెనుకబడియుండిరనియు, తలపును తెలుపు సంజ్ఞలను నేర్చిన పిమ్మట మెరుగుపడిరనియు పయర్స్, సెంఘాస్ 2009లో ప్రకటించిరి. ఇతరుల తలపులను గూర్చి మాటాడుకొను మాటలు లేనిచోట, ఆ తలపులను లెక్కించు అలవాటు సైతము ఆలస్యముగా కలుగునని దీనివలన తెలియుచున్నది.

5. ఉపసంహారము

పై విచారమువలన తేలిన కర్తవ్యములు మూడు. మొదటిది, పరీక్షలోని మాటలను నిఘంటువునుండి కాక శిశువుల సంభాషణలనుండి ఏరవలెను. రెండవది, ఒకే విషయమును రెండు మూడు వాక్యరూపములలో అడిగి, ఆ వాక్యములను యథాతథముగా, తెలుగులోనే, సిద్ధాంతగ్రంథమున ప్రకటింపవలెను. మూడవది, శిశువు ఇంటిభాష ఏదియో మొదట తెలిసికొనవలెను. గిడుగు రామమూర్తిగారు (1863–1940) వ్యావహారికమునకై పోరాడిన మహనీయుడుగా ప్రసిద్ధులు. కాని అంతకు ముందే సవర భాషను నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింప పూనుకొన్నవారు. ఆ రెండు ఉద్యమములకును మూలసూత్రమొక్కటియే: బిడ్డకు రాని మాటతో బిడ్డ బుద్ధిని కొలువరాదు. సవర, కోయ, గోండి, కువి, లంబాడీ భాషలు ఇంట మాటాడు పిల్లలకు తెలుగు ప్రశ్నయే పరభాషాప్రశ్న. తెలుగు పిల్లలకై మనము అడుగు న్యాయమునే వారికిని ఈయవలెను.

పరిశోధకుని పొరపాటు పత్రికలో మరొకని విమర్శవలన దిద్దబడును. ఉపాధ్యాయుని పొరపాటు అట్లు దిద్దబడదు. ‘మందబుద్ధి’ అని ఒకమారు పుస్తకమున వ్రాసిన మాట ఆ బిడ్డ వెంట పై తరగతులకును నడచును. అది వ్రాయుటకు ముందు, ప్రశ్నను మరొక తెలుగువాక్యముగా మార్చి ఇంకొకసారి అడిగి చూచుట మన ధర్మము.